వంగితే కరిచే కుక్క

రోపాతిగారి కుక్క మా చెల్లి సులూని కరిచినప్పుడు మా ఊరి పెద్దమనుషులు పదకొండుమంది చాపలేసుకుని కూర్చుని తేల్చిందేంటో తెలుసా? పిల్ల వంగింది మర్యాద కోసమా, రాయి తియ్యడానికా అని! పిక్కకి ఎన్ని కుట్లు పడ్డాయని ఒక్క మహానుభావుడు అడగలేదు. ఏడు. వాళ్ళు అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నాను, ఏడు కుట్లు, ఎనిమిదేళ్ళ పిల్లకి.

అది సెప్టెంబరు నెల. అక్టోబరు రెండో ఆదివారం మాకు పిల్లల పండగ. ఆ రోజు పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో వాక్యాలు చెప్తారు, ఇంటికొచ్చాక పెద్దవాళ్ళు వడ్డిస్తే పిల్లలు ముందు తింటారు. ఏడాదికి ఆ ఒక్క పూటే, మిగతా రోజులన్నీ పెద్దలు తిన్నాకే. ఆ ఏడు సులూకి ఇరవై రెండు లైన్ల వాక్యం ఇచ్చారు, వాళ్ళ ఈడు పిల్లల్లో అందరికంటే పెద్దది. రోజూ బడి అయ్యాక చర్చి హాల్లో ప్రాక్టీసు. బడికైనా చర్చికైనా ఉన్నది ఒకటే రోడ్డు, ఆ రోడ్డు రోపాతిగారి ఇంటి ముందునుంచే పోతుంది. ఇంకో దారి లేదా అంటే ఉంది, సముద్రం. అది కూడా ఆటు ఉన్నప్పుడే.

రోపాతిగారంటే మా ఊరి తరఫున మాట్లాడే పెద్ద. ఊరికి ఎవరొచ్చినా, ఊరినుంచి ఎవరు పోయినా ఈయన కర్ర పట్టుకుని లేచి మాట్లాడాలి. భుజం మీద కొబ్బరిపీచు కుచ్చు ఒకటి, ఈగలు తోలుకోడానికని. ఈగలకి ఆ కుచ్చు అవసరం లేదు, ఆయన ఉపన్యాసం రెండో గంటలో పడేసరికి అవే లేచిపోయేవి. మా ఇళ్ళకి గోడలుండవు కదా, స్తంభాలే. ఈయన పొద్దున్నే కోకో తాగేసి రోడ్డు వైపు స్తంభానికి వీపు ఆనించి కూర్చుంటాడు, ఇక సాయంత్రం ప్రార్థన దాకా లేవడు. పనేంటంటే, ముందునుంచి వెళ్ళేవాళ్ళు వంగుతున్నారా లేదా చూడటం.

కూర్చున్న పెద్దల ముందునుంచి వెళ్తుంటే నడుం వంచి, కుడిచెయ్యి నేలవైపు చాచి "తులో, తులో" అనుకుంటూ పోవాలి. మన్నించండి, అడ్డొస్తున్నాను అని. నడవడం సరిగ్గా రాకముందే మాకు ఇది వచ్చేస్తుంది. ఆ తర్వాత నేర్చుకునేది కుక్క విద్య. కుక్క మీదికొస్తే వంగి నేల మీద చెయ్యి పెట్టాలి, అంతే. చేతికి రాయి దొరక్కపోయినా ఫరవాలేదు. వంగినవాడు వట్టి చేత్తో లేవడని మా దీవుల్లో కుక్కలన్నిటికీ తెలుసు, తోక ముడిచి పారిపోతాయి.

మేజర్ తప్ప. మేజర్ అంటే రోపాతిగారి కుక్క, దూడంత ఉంటుంది. అది పిల్లగా ఉన్నప్పుడు పెరట్లో కట్టేసి ఉంచితే ఊళ్ళో కుర్రాళ్ళు అరటిచెట్ల చాటునుంచి రాళ్ళు రువ్వేవాళ్ళట. గొలుసు ఉంది, పారిపోడానికి లేదు. అందుకని పారిపోవడం అది నేర్చుకోనే లేదు. జులైలో ఆ గొలుసు తెగింది. ఊళ్ళో కుక్కలన్నీ కట్టేసి ఉంచాలి, లేకపోతే ఒక పందిని జరిమానాగా ఇవ్వాలి అని ఊరి సభలో తీర్మానం చేయించింది ఈ రోపాతిగారే! కానీ తన కుక్క గొలుసు తెగాక కొత్తది కొనలేదు. "కాపలా కాస్తోంది" అన్నాడు. దేన్ని? స్తంభాల్నా?

అప్పట్నుంచి మొదలు. ఇద్దరు ఆడవాళ్ళ లుంగీలు చిరిగాయి, రొట్టెలమ్మే ఆవిడ మోచేతికి కాటు పడి, బుట్ట వదిలేసి చర్చి దాకా పరిగెత్తింది. ఎవరూ రాయి తియ్యలేదు, ఎందుకంటే ఊరి పెద్ద ఇంటి మీదికి రాయి ఎత్తడం అంటే ఆయన వంశపు పెద్దరికపు బిరుదు మీదికి ఎత్తినట్టు. కుక్కుంటే రాయి ఉండదంటారు. మా ఊళ్ళో రెండూ ఉన్నాయి, మధ్యలో మర్యాద ఒకటి అడ్డంగా పడుకుని ఉంది. జనం ఏం చేశారంటే ఇంకా ఎక్కువ వంగడం మొదలుపెట్టారు! దూరంనుంచే వంగి, దాదాపు పాకుతున్నట్టు పోయేవాళ్ళు. వంగినకొద్దీ అది మీదికొచ్చేది. అది వచ్చినకొద్దీ వీళ్ళు వంగేవాళ్ళు. ఇంతమంది బుర్రలున్న ఊళ్ళో ఒక్క బుర్రకీ తట్టలేదు.

నేను కూడా ఆ బుర్రల్లో దాన్నే, ఒప్పుకుంటున్నాను. పట్నంలో, అంటే అపియాలో, పన్నెండు దాకా చదివొచ్చి, ఇంగ్లీషులో ఫస్టు ప్రైజు తెచ్చుకుని, ఆ రోజు సులూ వెనకాల పది అడుగుల దూరంలో సీమపనసల బుట్ట మోసుకుంటూ నడుస్తున్నాను. సులూ వంగింది. చక్కగా, నేను నేర్పినట్టే, బడిసంచీ పక్కకి పట్టుకుని చెయ్యి నేలవైపు చాచి "తులో" అంది.

మేజర్ మొరగలేదు. మొరిగే కుక్కయితే కొంచెం టైమిచ్చేది. ఇది మెట్లమీంచి దిగడమూ సులూ పిక్క దాని నోట్లో ఉండటమూ ఒకేసారి జరిగిపోయాయి. బుట్ట పడేసి నేనేం చేశాను? నేనూ వంగాను, రాయి కోసం! అది సులూని వదిలేసి నావైపు తిరిగింది. అప్పుడు రోపాతిగారు నోరు తెరిచాడు, కుక్క మీద కాదు, నా మీద.

"ఒసేయ్! రాయి కింద పడెయ్యి! ఎవరింటి ముందు నించున్నావనుకుంటున్నావే?"

పిల్ల రోడ్డు మీద కాలు పట్టుకుని ఏడుస్తోంది, ఈయన నా చేతిలో రాయి చూస్తున్నాడు. ఆయన భార్య లోసాగారే నయం. వంటింటి వైపునుంచి బిందెతో పరిగెత్తుకొచ్చి నీళ్ళన్నీ కుక్క మొహాన గుమ్మరించింది. అది తుమ్మి, తల విదిలించుకుని వెనక్కి పోయింది. ఆవిడ సులూ కాలికి తన తువ్వాలు చుట్టింది, చుడుతూ గొణిగింది, "వద్దు వద్దంటే వినడు, వద్దంటే వినడు." ఎవర్ని అంటోందో, కుక్కనో మొగుణ్ణో, తేల్చి చెప్పలేదు.

* * *

జిల్లా ఆసుపత్రిలో నర్సు ఫాలెయాగారు సబ్బు నీళ్ళతో పావుగంట కడిగి కడిగి కుట్లేసింది. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షనిచ్చింది. మా దీవుల్లో పిచ్చికుక్క జబ్బు లేదు, ఆ భయం అక్కర్లేదంది. నిజమే, మా దగ్గర కుక్కలకి పిచ్చి లేదు.

అమ్మ బజారునుంచి నేరుగా వచ్చేసింది, చేతులకింకా చేమదుంపల మట్టి ఉంది. పేరు ఎసెతా. మా అమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, మా ఇంట్లో ఆ పని మావయ్య చేస్తాడు.

నర్సు సులూని అడిగింది, "అది మీదికొచ్చినప్పుడు నువ్వేం చేస్తున్నావే బంగారం?"

"తులో చెప్తున్నా."

"వంగి చెప్పావా?"

"వంగకుండా ఎలా చెప్తారు?" అంది సులూ, ఈవిడకి ఇంతమాత్రం తెలీదా అన్నట్టు.

నర్సు నవ్వబోయి ఆగిపోయింది. గల్లాపెట్టెలాంటి పాత బల్ల సొరుగులోంచి రిజిస్టరు తీసి పేజీలు తిప్పింది. "రొట్టెలావిడ మోచెయ్యి. అంతకుముందు చర్చి పెద్దాయన తుంటి. ఇప్పుడు నువ్వు. అందరూ అదే కుక్క. అమ్మా ఎసెతా, మీ ఊళ్ళో ఆ ఇంటి ముందు ఎవరైనా నిటారుగా నడిచారా ఈ మధ్య?"

"ఎవరు నడుస్తారండీ?" అంది అమ్మ.

"అదీ సంగతి. మీరు దణ్ణం అనుకునేది దానికి రాయి. ఒకసారి దెబ్బలు తిన్న కుక్క అది. వంగిన మనిషి కనిపిస్తే, దెబ్బ పడేలోపు తనే కొడదామని చూస్తోంది." సులూ గడ్డం పట్టుకుని చెప్పింది, "విను. కుక్క వస్తే పరిగెత్తకూడదు. పరిగెత్తావా, ఆట అనుకుంటుంది. కళ్ళల్లోకి చూడకు. అరవకు. వంగకు. కొబ్బరిచెట్టులా నిలబడు, సంచీ నీకూ దానికీ మధ్యలో పెట్టుకో. అది ఆగాక మెల్లగా పక్కకి జరుగుతూ పో, వీపు మాత్రం తిప్పకు. పడగొట్టేసిందనుకో, ముడుచుకుపోయి రెండు చేతులూ మెడ వెనక పెట్టుకో. వచ్చా?"

"వచ్చు. కానీ వంగకపోతే రోపాతి తాతగారు తిడతారు," అంది సులూ.

"తిడితే కుట్లు పడవే," అంది నర్సు.

* * *

ఇక సభ. ఆడవాళ్ళం వెనక వంటపాకలో ఉండి అన్నీ వింటాం, గోడలు లేని ఊళ్ళో రహస్యాలుండవు. రోపాతిగారు లేచి కర్ర నాటి, కుచ్చు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చి, ముందు మా దీవుల పుట్టుక గురించి చెప్పాడు. తర్వాత మా ఊరి పుట్టుక. తర్వాత తన బిరుదు పుట్టుక. కుక్క దగ్గరికొచ్చేసరికి ముక్కాలు గంట పట్టింది.

"నా రెండు కళ్ళతో చూశాను," అన్నాడు. "ఆ పిల్ల వంగింది. చెయ్యి నేలకి చాచింది. వెనకాల వాళ్ళ అక్క చేతిలో రాయి ఉంది, అది మీరూ విన్నారు. అక్కకి రాయుంటే చెల్లెలు దేనికోసం వంగినట్టు? నా ఇంటి ముందు, నా కళ్ళముందు, నా తాతల బిరుదు ముందు రాయి!"

ఇప్పుడు మా మావయ్య లేవాలి. అమ్మకి అన్న, మికా మావయ్య, మా ఇంటి పెద్ద, మా అందరి తరఫునా మాట్లాడే హక్కు ఈయనదే. ముందురోజు రాత్రంతా మా దగ్గర రిహార్సలు వేశాడు, "పిల్ల మర్యాద చేస్తే మీ కుక్క కాటేస్తుందా అని అడిగేస్తాను, చూస్కోండి, చొక్కా పట్టుకున్నట్టు అడుగుతాను" అని. మేం నమ్మాం కూడా. సభలో లేచి గొంతు సవరించుకున్నాడు.

"మరి... పెద్దాయన కళ్ళతో చూశానంటున్నారు. పెద్దాయన కళ్ళు అబద్ధం చెప్తాయా?"

కూర్చున్నాడు. అంతే, అయిపోయింది!

తీర్పు ఏంటంటే, మా కుటుంబం రోపాతిగారికి క్షమాపణ చెప్పుకోవాలి. కరిచిన కుక్క మాట ఎత్తలేదు. మరుసటి బుధవారం లోపల, అన్నారు.

ఇంటికొచ్చి మావయ్య అన్నానికి కూర్చున్నాడు. అమ్మ ఆయన ముందు పళ్ళెం పెట్టి అడిగింది, "అన్నయ్యా, పిల్ల దేనికి వంగింది?"

"దేనికి వంగితే ఏముందే ఇప్పుడు. ఊరు ప్రశాంతంగా ఉండాలి."

"పిల్ల ఇల్లు కదలట్లేదు. బడికి పోనంటోంది. వాక్యం వేరే పిల్లకిచ్చేస్తామంటున్నారు చర్చిలో. నిన్న కోడి కూస్తే ఉలిక్కిపడింది."

"అదంతా నేను చూసుకుంటాగా! ఏదో నోటితో క్షమించండి అంటే ఏం బావుంటుంది? మన వంశానికి తగ్గట్టు చేద్దాం. తెల్లారుజామున వెళ్ళి సన్నచాప కప్పుకుని వాళ్ళ ముంగిట్లో కూర్చుంటాను."

నేను చేతిలో గరిటె వదిలేశాను. సన్నచాప కప్పుకుని ముంగిట్లో తలవంచుకుని కూర్చోవడం ఎప్పుడు చేస్తారంటే, మనవాడు ఎవరినైనా చంపితే! లేదంటే అంత ఘోరమేదో జరిగితే. కరిపించుకున్న పిల్ల మేనమామ, కుక్క యజమాని ముందు! అడిగినవాడు కూడా లేడు, ఆ అయిడియా సొంతంగా ఆయనదే.

"ఏ చాప?" అంది అమ్మ. అమ్మకి తెలుసు ఏ చాపో. ఎనిమిది నెలలు నేసింది దాన్ని, బట్టంత మెత్తగా వచ్చింది.

"ఇంట్లో ఉన్నది ఒకటేగా," అన్నాడు మావయ్య, చేమదుంప కొబ్బరిపాలల్లో ముంచుకుంటూ.

* * *

మంగళవారం తెల్లారింది. మావయ్య ఒంటినిండా కొబ్బరినూనె రాసుకుని, కొత్త లుంగీ కట్టుకుని, రోపాతిగారి ముంగిట్లో గులకరాళ్ళ మీద కూర్చున్నాడు. నడుం వంచి నుదురు నేలకి ఆనించి పైన చాప కప్పుకున్నాడు. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఎవరికీ పని లేనట్టు రొట్టెలావిడ కూడా వచ్చింది, మోచేతికి కట్టుతో. మేం, అమ్మా నేనూ, చివర నిలబడ్డాం.

పద్ధతి ప్రకారం అవతలివాళ్ళు వెంటనే రారు. గంటలు గంటలు కూర్చోబెడతారు, ఎండ నెత్తి మీదికొచ్చాక అప్పుడు లేచి వచ్చి చాప ఎత్తుతారు, ఎత్తితే క్షమించినట్టు. రోపాతిగారు ఆ లెక్కలోనే ఉన్నాడు. స్తంభానికి ఆనుకుని కోకో కప్పు పట్టుకుని, ఇవాళ్టి పొద్దంతా తనదే అన్నట్టు నెమ్మదిగా ఊదుకుంటున్నాడు.

మేజర్ ఇంటి వెనకనుంచి వచ్చింది. ముంగిట్లో నేల మీద వంగిన ముద్ద ఒకటి కనిపించింది. ఊళ్ళో ఇప్పటిదాకా వంగినవాళ్ళందర్లోకీ ఎక్కువ వంగినవాడు!

"అమ్మా," అన్నాను.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆపడానికో, భయపడో, తెలీదు.

అది చాప మీదే ఎక్కింది. లోపల్నుంచి మావయ్య వేసిన కేక ఏ వంశానికి తగ్గట్టు ఉందో నేను చెప్పలేను. చాప పరిగెత్తడం మీరెప్పుడూ చూసుండరు. చాప కింద రెండు కాళ్ళు, చాప పైన కుక్క, ముంగిట్లో అటొక చుట్టు ఇటొక చుట్టు! "తియ్యండీ! తియ్యండి బాబోయ్! క్షమించెయ్యండి!" అని లోపల్నుంచి. రోపాతిగారి కోకో ఆయన ఒళ్ళోనే పోయింది. లుంగీ ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చి చాప లాగేశాడు. చూసేవాళ్ళు లెక్కపెట్టారు, అర నిమిషం కూడా కాలేదు. అంత తొందరగా దొరికిన క్షమాభిక్ష మా దీవుల చరిత్రలోనే ఉండదు.

చాప మందంగా ఉంది కాబట్టి మావయ్యకి గీతలే పడ్డాయి. లోసాగారు మళ్ళీ బిందె తెచ్చింది. మేజర్ నీళ్ళు కారుతూ వెళ్ళి చాప అంచు దగ్గర కాలెత్తి, తన పని తాను కానిచ్చింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే జరిమానా. కానీ రొట్టెలావిడ భుజాలు ఎలా ఎగిరిపడ్డాయో నేను చూశాను.

అమ్మ వెళ్ళి చాప చుట్టి చంకలో పెట్టుకుంది. మావయ్య వైపు చూడలేదు. ఇంటికొచ్చి సముద్రంలో ఉతికి, ఎండేసి, అప్పుడు వంట చేసింది. వడ్డించేటప్పుడు మొదటి పళ్ళెం సులూ ముందు పెట్టింది.

మావయ్య తన ముందున్న ఖాళీ చూసుకున్నాడు. "ఇదేంటే? పిల్లల పండగ ఇంకా పన్నెండు రోజులుంది."

"మనింట్లో వచ్చేసింది," అంది అమ్మ. "ఇంకో సంగతి. ఇకమీద పిల్లల మాట నేనే చెప్పుకుంటాను. నువ్వు పెద్దాడివి, నీకు మిగతావన్నీ ఉన్నాయిగా."

మావయ్య మోకాలి మీద గీత తడుముకుని, తన పళ్ళెం కోసం చెయ్యి చాచాడు.

* * *

తర్వాత మూడు రోజులు నేను కుక్కనయ్యాను. నాలుగు కాళ్ళ మీద ఇల్లంతా పాకుతూ సులూ మీదికి దూకేదాన్ని. మొదటిరోజు కెవ్వుమని అమ్మ వెనక దాక్కుంది. రెండోరోజు సంచీ ముందు పెట్టుకుంది కానీ కళ్ళు నా కళ్ళల్లోకే.

"కళ్ళల్లోకి చూడకు!"

"నువ్వు నిజంగా కుక్కలా లేవు. కుక్కకి కళ్ళజోడు ఉండదు."

"నిలబడు! చెట్టు కదుల్తుందా?"

"గాలికి కదుల్తుంది."

మూడోరోజు నేను ఎంత మొరిగినా, చుట్టూ తిరిగినా, పాదం వాసన చూసినా, సులూ పైకప్పు వైపు చూస్తూ తన ఇరవై రెండు లైన్లూ మనసులో చెప్పుకుంటూ నిలబడింది. పెదాలు కదులుతున్నాయి. పదిహేడో లైన్లో తప్పిందట, మళ్ళీ మొదట్నుంచి చెప్పుకుంది. నేను మొరిగి మొరిగి గొంతు పోగొట్టుకున్నాను.

"రేపు నేనొస్తా," అంది అమ్మ.

శనివారం పొద్దున చర్చిలో ప్రాక్టీసుకి ముగ్గురం బయల్దేరాం. మధ్యలో సులూ. రోపాతిగారి ఇంటి హద్దు దగ్గర కొబ్బరిచెట్టు వచ్చింది. మా ఊళ్ళో ఎవరికైనా నడుం దానంతటదే వంగే చోటు అది. నా నడుం నిజంగా వంగబోయింది, ఒట్టు! అమ్మ వీపు చూశాను, నిటారుగా ఉంది. నేనూ సరిచేసుకున్నాను.

రోపాతిగారు స్తంభం దగ్గర కదిలాడు. "ఎసెతా! నడుం పట్టేసిందా?"

"లేదండీ, బానే ఉంది," అంది అమ్మ, నడుస్తూనే.

"మరి తులో ఏమైంది?"

"తులో అండీ," అంది అమ్మ. మామూలు గొంతుతో, మామూలు ఎత్తులో, పక్కింటివాళ్ళని ఉప్పు అడిగినట్టు. "నోటితో చెప్తున్నానుగా. వంగితే మీ మేజర్‌కి పడదట, నర్సమ్మ చెప్పింది."

మేజర్ లేచింది. మెట్లు దిగింది. సులూ ఆగింది, సంచీ ముందుకి తెచ్చుకుంది, కళ్ళు ఎదురుగా ఉన్న పైకప్పు మీద పెట్టింది. పెదాలు కదులుతున్నాయి. కుక్క వచ్చి సంచీ వాసన చూసింది. కుట్లున్న పిక్క వాసన చూసింది. కుక్క ఇంకోసారి ముక్కు విదిలించి, దీంట్లో ఏముందన్నట్టు వెనక్కి పోయి పడుకుంది.

సులూ పక్కకి పక్కకి జరుగుతూ హద్దు దాటింది. దాటాక అంది, "పదిహేడోది వచ్చేసింది."

అంతే. ఇంకేం జరగలేదు.

సోమవారం రొట్టెలావిడ నిటారుగా వెళ్ళింది, "నర్సమ్మ చెప్పింది" అంటూ. మంగళవారం చేపలవాళ్ళు. బుధవారం బడిపిల్లలు ముప్ఫైమంది, పైకప్పు చూస్తూ, బిగుసుకుని, కవాతులా. గురువారం మా ఊరి పాస్టరుగారు కూడా పాటల పుస్తకం పొట్ట ముందు అడ్డం పెట్టుకుని. ధైర్యం అనుకునేరు, ఛ! మా ఊళ్ళో ధైర్యం పండదు. సాకు దొరికింది, అంతే. జులైనుంచి పాకినవాళ్ళకి ఒక నర్సు పేరు దొరికేసరికి వెన్నెముకలు మొలిచాయి. సభలో తీర్పు చెప్పిన ఆ పదకొండుమందే అందరికంటే బిగుసుకుని నడిచేవాళ్ళు. మేజర్ మాత్రం రోజంతా నిద్రపోయేది. పాపం దానికి ఇన్నాళ్ళకి కంటినిండా నిద్ర దొరికింది.

రోపాతిగారికి మాత్రం నిద్ర పట్టలేదు. స్తంభం దగ్గర్నుంచి రోడ్డు అంచుకి జరిగి కూర్చున్నాడు, కనిపించట్లేదేమోనని. దగ్గాడు. కర్ర కొట్టాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తలెత్తి ఒక్కొక్కళ్ళ గడ్డాలు చూడాల్సొచ్చింది. పిల్ల పిక్క చీలితే కదలని మనిషి, చర్చి పెద్దాయన తుంటి పోతే కదలని మనిషి, నాలుగు రోజులు ఎవరూ వంగకపోయేసరికి బస్సెక్కి అపియా వెళ్ళి గొలుసు కొనుక్కొచ్చాడు. కొత్తది, ఓడకి కట్టేంతది. తనే స్వయంగా కట్టాడు. లోసాగారిని ఇల్లిల్లూ తిప్పాడు.

ఆవిడ మా ఇంటికొచ్చి మెట్ల దగ్గర కూర్చుని చెప్పింది, "కట్టేశారమ్మా. ఇక భయం లేదు, అందరూ మామూలుగా వెళ్ళొచ్చని చెప్పమన్నారు." ఆగి, అమ్మ వైపు చూసి మెల్లగా అంది, "మామూలుగా అంటే ఏంటో నేను చెప్పనక్కర్లేదుగా."

శుక్రవారానికల్లా ఊరంతా మళ్ళీ వంగింది. మికా మావయ్య అందరికంటే ముందు, అందరికంటే కిందికి, నాలుగు రోజుల బాకీ కలిపి తీర్చాడు.

శనివారం ఆఖరి ప్రాక్టీసు. తెల్లగౌను చేతులు పొడుగయ్యాయని అమ్మ మళ్ళీ విప్పి కుట్టడంలో ఆలస్యమైంది. చర్చి గంట కొట్టేశారు. సులూ గౌను పైకి పట్టుకుని రోడ్డెక్కింది. నేను వెనకాల చెప్పుల కోసం వెతుక్కుని బయటికొచ్చేసరికి కొబ్బరిచెట్టు దగ్గరికి వెళ్ళిపోయింది. రోపాతిగారు స్తంభానికి వీపు ఆనించి, కుచ్చు భుజాన వేసుకుని, రెడీగా కూర్చుని ఉన్నాడు. గొలుసు చివర మేజర్ లేచి ఒకటే మొరుగుడు.

సులూ వంగలేదు. నిటారుగా కూడా నడవలేదు. పరిగెత్తింది! కుంటికాలు కాస్త అటూ ఇటూ పడుతుంటే, గౌను మోకాళ్ళ పైకి పట్టుకుని, ఇరవై రెండు లైన్లూ గట్టిగా అరుచుకుంటూ, ఆయన ముక్కు ముందునుంచి దుమ్ము లేపుకుంటూ పోయింది. కుక్క వైపు తిరగలేదు.

నేను వెళ్ళేసరికి దుమ్ము ఇంకా దిగలేదు. ఆయన నన్ను ఆపాడు. గొంతులో కోపం కూడా లేదు, అదే విచిత్రం.

"మీ చెల్లి నన్ను చూడలేదా?"

"చూడలేదండీ," అన్నాను. "చాలా తొందరలో ఉంది."

నిజంగానే చూడలేదు.